అన్నం ముందు కూర్చోగానే దవడ కింద వాపు.. ఏమిటిది?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. తిరుపతిలో ఆటో నడుపుతాను. రెండు నెలలుగా అన్నం తినడం మొదలుపెట్టగానే ఎడమ దవడ కింద నిమ్మకాయంత ఉబ్బి ఒకటే సలుపు, గంటా రెండు గంటల్లో తగ్గిపోతుంది. గవదబిళ్లలని పసరు పట్టు వేశారు. ఒక డాక్టరేమో లాలాజల గ్రంథిలో రాయి కావచ్చన్నారు. కిడ్నీలో రాళ్లకు చెప్పినట్టు పాలు, టమాటా మానేయాలా? ఆపరేషన్ తప్పదా?

జవాబు: ఆ డాక్టరు గారి అనుమానమే నాకూ సరైనదనిపిస్తోంది. గవదబిళ్లలైతే వాపు ఇలా పూటపూటకీ వచ్చిపోదు, జ్వరంతో మొదలై రోజుల తరబడి ఉంటుంది, అదీ ఎక్కువగా చెవి కింద. పులుసు వాసనకే నోట్లో నీళ్లూరతాయి కదా, ఆ లాలాజలం బయటికొచ్చే సన్నటి నాళంలో రాయి అడ్డుపడితే వెనక ఉన్న గ్రంథి ఉబ్బుతుంది. ఈ రాళ్లలో నూటికి 80 దాకా దవడ కింది గ్రంథిలోనే వస్తాయి, ఎందుకంటే అక్కడ లాలాజలం చిక్కగా ఉంటుంది, పైగా కింది నుంచి పైకి ఎక్కాలి.

పాలు, టమాటా మానక్కర్లేదు. మానాల్సింది నీళ్లు తాగకుండా ఎండలో బండి తిప్పడం. అలర్జీ మాత్రలు తరచూ వేసుకుంటుంటే అదీ డాక్టరుకు చెప్పండి, వాటితో నోరు ఎండిపోతుంది.

రుయా ఆసుపత్రిలోనో మీకు దగ్గర్లోనో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఒక వేలు నాలుక కింద, ఇంకో చేయి బయట దవడ కింద పెట్టి నొక్కి చూస్తే చాలాసార్లు రాయి చేతికే తగులుతుంది. తర్వాత అల్ట్రాసౌండ్ చాలు. మరీ చిన్న రాయి అందులో కనబడకపోవచ్చు, అనుమానం తీరకపోతే సీటీ తీస్తారు.

చిన్న రాయైతే నీళ్లు బాగా తాగుతూ, వేడి కాపడం పెట్టి, గ్రంథిని వెనక నుంచి ముందుకు మెల్లగా నిమురుతూ, పుల్లటి చప్పరింపు బిళ్ల నోట్లో వేసుకుంటే దానంతటదే జారిపోవచ్చు. పోకపోతే, 4 మిల్లీమీటర్ల లోపు రాయిని సన్నటి ఎండోస్కోపుతో నాళంలోంచే లాగేస్తారు, నాలుక కింద చేతికి తగిలే పెద్ద రాయిని నోటి లోపలే చిన్న కోతతో తీస్తారు. గ్రంథినే తీసేయడం ఆఖరి మాట, నాలుకకూ పెదవికీ వెళ్లే నరాలు అక్కడే ఉంటాయి కాబట్టి ఎవరూ దానికి తొందరపడరు.

యాంటీబయాటిక్‌తో రాయి కరగదు. చీము, జ్వరం ఉంటేనే అది కావాలి. నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా ఓపీ టైము దాకా ఆగకండి, అర్ధరాత్రయినా క్యాజువాల్టీకి వెళ్లండి. తినడంతో సంబంధం లేకుండా, నొప్పి లేని గడ్డ అలాగే ఉండిపోతే మాత్రం అది వేరే సంగతి, గడ్డలోంచి సూదితో కాస్త ముక్క తీసి చేసే పరీక్ష చేయించాలి.