అమ్మానాన్నల్ని గోల్డెన్ గేట్ పార్కుకి తీసుకెళ్తున్నారా?

సంక్రాంతికి వైజాగ్ సీతమ్మధారలో మా ఇంటికి వస్తే చాలు, బే ఏరియాకి కొత్తగా వెళ్తున్న వాళ్ళు ఎవరో ఒకరు అడుగుతారు: "అన్నయ్యా, వేసవికి అమ్మావాళ్ళు వస్తారు, పిల్లలతో కలిసి ఎక్కడికెళ్ళాలి?" నా ఓటు శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ పార్కుకే. గేటు దగ్గర టికెట్ ఉండదు. ఫొటోల్లో చూసే ఎర్రటి గోల్డెన్ గేట్ వంతెన మాత్రం అందులో లేదు, ఆ సంగతి పెద్దవాళ్ళకి ముందే చెప్పండి.

మొత్తం చూసేద్దామనుకోకండి. మన వైజాగ్ జూ పార్కే 625 ఎకరాలు, ఇది 1,017. తూర్పు సగం చాలు. 1870ల దాకా అదంతా ఇసుక దిబ్బలే. విలియం హామండ్ హాల్ అనే ఇంజనీరు బార్లీ, లూపిన్ మొక్కలు మొలిపించి ఇసుక కదలకుండా చేసి, తర్వాత చెట్లు పెంచాడు. మా నాన్నగారికి పూలకన్నా ఈ కథే నచ్చింది!

పిల్లలుంటే మొదట ఆగ్నేయం మూలనున్న ఆటస్థలానికి వెళ్ళండి. 1888 నాటిది. అక్కడి కాంక్రీటు జారుడుబల్ల మీద అట్టముక్క వేసుకుని జారతారు. ఎవరో వదిలేసినవి దొరుకుతాయి గానీ అంచులు నలిగి మెత్తబడి ఉంటాయి. ఇంట్లో పార్సిల్ డబ్బా చింపి రెండు ముక్కలు పట్టుకెళ్ళండి, మీకూ జారాలనిపిస్తుంది. పక్కనే 1914 నాటి రంగులరాట్నం.

1894 నాటి జపనీస్ టీ గార్డెన్‌కి టికెట్ ఉంది. సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం 10 లోపు వెళ్తే ఉచితం. లోపల అర్ధచంద్రాకారపు చెక్క వంతెన నిచ్చెన ఎక్కినంత నిటారుగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మని కింద నిలబెట్టి ఫొటో తీయండి, చాలు.

జూలై, ఆగస్టుల్లో వెళ్తే స్వెట్టర్లు తప్పనిసరి. వైజాగ్‌లో ఉక్కపోతతో చచ్చిపోయే నెలల్లో అక్కడ సముద్రం మీంచి పొగమంచు కమ్ముకొస్తుంది. మధ్యాహ్నానికే చెవులు చల్లబడతాయి. సెప్టెంబరు, అక్టోబరులైతే ఎండ హాయిగా ఉంటుంది. పులిహోర డబ్బా పట్టుకెళ్ళండి, పచ్చిక మీద కూర్చుని తింటే ఎవరూ ఏమీ అనరు.

పార్కు మధ్యలో జె.ఎఫ్.కె. డ్రైవ్ అనే రోడ్డు తూర్పు భాగం మీద కార్లు తిరగవు, పిల్లలు సైకిళ్ళు తొక్కుకోవచ్చు. వీలైతే ఎన్ జూడా రైల్లో తొమ్మిదో అవెన్యూ దగ్గర దిగి నడవండి. కారు తప్పదంటే మాత్రం సీటు మీద చిన్న సంచి కూడా కనపడనివ్వొద్దు, అద్దాలు పగలగొట్టే దొంగతనాలు ఆ ఊళ్ళో మామూలే. అమ్మావాళ్ళ పాస్‌పోర్టులు కార్లో అస్సలు వదలకండి.