చిన్న వయసు సర్పంచ్‌కి ట్రైనింగ్ ఎక్కడ, తోడు ఎవరు?
తమ్ముడూ, మీ చెల్లి 23 ఏళ్లకే సర్పంచ్ అయింది కానీ గ్రామసభలో బాబాయే మాట్లాడేస్తున్నాడు, తను సంతకాలకే అన్నావు కదా, చదివితే బాధేసింది. ముందు ఎంపీడీఓ ఆఫీసులో సర్పంచుల ట్రైనింగ్ ఎప్పుడో కనుక్కో, తెలంగాణ వాళ్లకైతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది. దానికి తనే వెళ్లాలి, బాబాయి కాదు.

కానీ ట్రైనింగ్ ఒక్కటే సరిపోదు. మీటింగ్ ముందు రోజు పంచాయతీ కార్యదర్శితో కూర్చుని అజెండా, క్యాష్ బుక్, పాత తీర్మానాల రిజిస్టర్ అన్నీ తనే చదవాలి, అర్థం కానిది అక్కడే అడిగెయ్యాలి, లెక్కలు తెలిస్తే సగం భయం పోతుంది. మొదటి సభలో ఒక్క విషయం చాలు, నీళ్ల ట్యాంకో వీధిలైట్లో, అది మాత్రం తనే చెప్పాలి.

పక్క ఊళ్లో మాజీ మహిళా సర్పంచ్ ఉంటే పరిచయం చెయ్యి, లేకపోతే మీ గ్రామైక్య సంఘం (ఊళ్లో పొదుపు సంఘాలన్నీ కలిసినది) అధ్యక్షురాలు, బ్యాంకోళ్లతో ఆఫీసర్లతో మాట్లాడి ఆరితేరి ఉంటారు వాళ్లు. వారానికోసారి ఫోన్ చేసి అడిగే మనిషి ఉంటే చాలా ధైర్యం.

ఇంక బాబాయి సంగతి, పంచాయతీల్లో ఆడవాళ్లకి 50 శాతం రిజర్వేషన్ ఇచ్చింది ఇంట్లో మగవాళ్లు ఆ కుర్చీలో కూర్చోడానికి కాదు అని నువ్వే చెప్పు, చెల్లి చేత చెప్పించకు.