గోడ మీద పిల్లుల్ని దించేదెలా? అధ్యక్షుడి అభిశంసనపై పాఠకుల ప్రశ్నలు

దక్షిణ కొరియాలో ఎనిమిదేళ్ళ వ్యవధిలో ఇద్దరు అధ్యక్షులు అభిశంసనతో పదవి పోగొట్టుకున్నారు. 2017లో పార్క్ గ్యున్ హే, 2025లో యూన్ సుక్ యోల్. రెండుసార్లూ అధికార పక్ష ఎంపీలు మొదట మొరాయించారు. ఆ తర్వాత కొందరు దారికొచ్చారు. వాళ్ళను దారికి తెచ్చిందేమిటని చాలామంది రాశారు. కొన్ని ఉత్తరాలకు ఇక్కడ జవాబులు.

ప్రశ్న: కియా ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచీ మా వైపు కొరియా వార్తలు శ్రద్ధగా చదువుతున్నాం. 2024 డిసెంబర్ 7న పార్లమెంటు ముందు అంతమంది జనం ఉండగా తీర్మానం ఎందుకు వీగిపోయింది? వారానికే ఎలా నెగ్గింది? – పెనుకొండ పాఠకుడు

డిసెంబర్ 7న తీర్మానం వీగిపోలేదండీ, ఆ రోజు ఓట్లు లెక్కించనే లేదు. అక్కడి కిటుకంతా అందులోనే ఉంది.

కొరియా పార్లమెంటులో 300 సీట్లు. అధ్యక్షుణ్ణి అభిశంసించాలంటే మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతులు, అంటే 200 ఓట్లు కావాలి. యూన్ డిసెంబర్ 3 రాత్రి సైనిక పాలన ప్రకటించారు. కొద్ది గంటల్లోనే పార్లమెంటు 190–0తో దాన్ని రద్దు చేయమంది. ఆపై అభిశంసన తీర్మానం వచ్చింది. ప్రతిపక్షాల బలం 192. అధికార పీపుల్ పవర్ పార్టీ నుంచి 8 మంది వస్తే చాలు. పైగా ఓటు రహస్యం. ఎవరు గీత దాటారో పార్టీకి తెలిసే దారి లేదు.

పార్టీ దానికి విరుగుడు కనిపెట్టింది. ఓటు రహస్యమే కానీ హాల్లో ఉన్నారా లేదా అన్నది రహస్యం కాదు కదా! అందుకని ఓటింగ్‌కు ముందే అందర్నీ బయటికి నడిపించేసింది. ముగ్గురు మాత్రం ఓటేశారు. స్పీకర్ రాత్రి తొమ్మిది దాటేదాకా ఎదురుచూశారు. మొత్తం 195 ఓట్లే పడ్డాయి. 200 మంది ఓటింగ్‌లో పాల్గొననందున పెట్టె తెరవకుండానే ఓటింగ్ చెల్లదని ప్రకటించారు.

ఇక నియమాల సంగతి. తీర్మానాన్ని సభ ముందు ఉంచాక 24 గంటలు గడవాలి, 72 గంటల లోపు ఓటు జరగాలి. ఆ గడువు దాటితే తీర్మానం రద్దయినట్టే. అదే తీర్మానాన్ని అదే సమావేశాల్లో మళ్ళీ తేకూడదు. ప్రతిపక్షం దీనికి పొట్టి పొట్టి ప్రత్యేక సమావేశాలు పెట్టి, నెగ్గేదాకా వారం వారం తెస్తామంది. జనానికి దీనివల్ల రెండు మేళ్ళు జరిగాయి. ఒకటి, పక్కా తేదీ దొరికింది: వచ్చే శనివారం. రెండు, అడగాల్సింది చిన్నదైపోయింది. ‘అభిశంసనకు ఓటెయ్యి’ అంటే పార్టీకి ద్రోహం చెయ్యమన్నట్టుంటుంది. ‘హాల్లోకి వచ్చి నీ ఓటేదో వెయ్యి’ అంటే కాదనడానికి ఏ ఎంపీకీ నోరు రాదు. ఆ వారం నియోజకవర్గ కార్యాలయాల ముందు గట్టిగా వినిపించిన మాట ఇదే.

దీన్నంతా జనం ఖాతాలోనే వేయడం మాత్రం సరికాదు. సైనిక పాలన రాత్రి పార్లమెంటు తలుపులు పగలగొట్టి లోపలున్న వాళ్ళను లాక్కురమ్మని అధ్యక్షుడే చెప్పారని డిసెంబర్ 10న ఒక సైనిక కమాండర్ పార్లమెంటరీ కమిటీ ముందు చెప్పారు. 12న యూన్ టీవీలో తగ్గేది లేదన్నట్టు మాట్లాడారు. అదే రోజు పార్టీ నాయకుడు హాన్ డాంగ్ హూన్ అభిశంసన వైపు తిరిగారు. 14న 300 మందీ హాజరయ్యారు. అనుకూలం 204, వ్యతిరేకం 85, తటస్థం 3, చెల్లనివి 8.

ప్రశ్న: చెల్లనివి ఎనిమిదా! ఎంపీలకు కూడా ఓటెయ్యడం రాదా? – తెనాలి పాఠకురాలు

రాక కాదనే అనిపిస్తుంది. అక్కడ మీట నొక్కడం ఉండదు. కాగితం మీద చేత్తో ‘గా’ (ఔను) అనో ‘బు’ (కాదు) అనో రాయాలి. ఏమీ రాయకపోతే తటస్థం కింద లెక్క. వేరే ఏది రాసినా, గీసినా ఓటు చెల్లదు. పార్టీ మాట దాటినట్టూ ఉండకూడదు, అధ్యక్షుణ్ణి కాపాడిన పాపమూ అంటకూడదు అనుకునేవారికి అదొక సందు. ఇంకో లెక్క చూడండి. ఓటింగ్‌కు ముందు అనుకూలమని బాహాటంగా చెప్పిన అధికార పక్ష సభ్యులు ఏడుగురు. పెట్టె తెరిచాక తేలినవారు కనీసం పన్నెండు మంది. మీ ఎంపీ బయటికి చెప్పడం లేదంటే కదలడం లేదని అర్థం కాదన్నమాట.

ప్రశ్న: ఎంపీల ఫోన్లకు వేల మెసేజీలు పంపడం నిజంగా పనిచేస్తుందా? వేధింపు కిందకి రాదా? – లా విద్యార్థి, హైదరాబాద్

పనిచేసిన సందర్భమూ ఉంది, బెడిసికొట్టిన సందర్భమూ ఉంది. 2016 నాటి పరిస్థితి చూస్తే తేడా తెలుస్తుంది.

అప్పుడు పార్క్‌కు వ్యతిరేకంగా ఉన్నది 172 మంది. అధికార సెనూరి పార్టీలో 128 మంది. వాళ్ళలో 28 మంది రావాలి. అక్టోబర్ 29 నుంచి శనివారం శనివారం కొవ్వొత్తుల ప్రదర్శనలు జరుగుతున్నాయి. వేడి బాగా రాజుకున్నాక, నవంబర్ 29న పార్క్ ‘నా పదవీకాలం సంగతి పార్లమెంటుకే వదిలేస్తున్నా’ అన్న అర్థంలో ప్రకటన చేశారు. గోడ మీద పిల్లులకు అంతకన్నా ఏం కావాలి? ఏప్రిల్‌లో ఆవిడే దిగిపోతారు, జూన్‌లో ఎన్నికలు పెట్టుకుందాం, ఓటెందుకు అంటూ సెనూరి రాజీసూత్రం తెచ్చింది. ప్రతిపక్షంలోనూ గొంతులు కలవలేదు, డిసెంబర్ 2న అనుకున్న ఓటింగ్ 9కి జారింది.

ఒత్తిడి ఫలించింది సరిగ్గా ఈ వారంలో. ఒక ప్రతిపక్ష ఎంపీ ఎవరు అనుకూలం, ఎవరు వ్యతిరేకం, ఎవరు ఊగిసలాటలో ఉన్నారో పేర్లతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టారు. సొంత ఎంపీకి నేరుగా ఈమెయిల్ వెళ్ళేలా పౌరులు ఒక వెబ్‌సైటు నడిపారు. డిసెంబర్ 3న దేశమంతటా 23 లక్షల మంది రోడ్డెక్కారని నిర్వాహకుల లెక్క (పోలీసుల లెక్క అందులో అయిదో వంతు కూడా లేదు, ఈ తేడా ఏ దేశంలోనైనా మామూలే). ఆ రోజు అధ్యక్ష భవనం వైపే కాక సెనూరి పార్టీ కార్యాలయం ముందూ సభ జరిగింది. మర్నాడు, డిసెంబర్ 4న, సెనూరిలోని పార్క్ వ్యతిరేక వర్గం ఓటింగ్‌లో పాల్గొంటామని తేల్చేసింది. 9న 234 ఓట్లతో తీర్మానం నెగ్గింది. కావాల్సినవి 28, వచ్చినవి అరవై పైచిలుకు.

ఇక బెడిసికొట్టేది ఎక్కడంటే, వ్యక్తిగత నంబర్లు బయటపెట్టి ఒకే మెసేజీని వేలసార్లు కొట్టించే దగ్గర. ఆ ఎంపీ నంబరు మార్చేస్తారు, పోలీసు ఫిర్యాదు ఇస్తారు, సానుభూతి అటు తిరుగుతుంది. 2024లో సోల్‌లోని దోబాంగ్ నుంచి గెలిచిన అధికార పక్ష ఎంపీ కిమ్ జే సబ్ కార్యాలయం ముందుకు చావింటికి పంపే నిలువెత్తు పూలచక్రాలు వచ్చాయి. అది వ్యంగ్యం, చట్టానికి లోబడిందే. ఆయన ఇంటి గుమ్మం దగ్గర కత్తి కనిపించడం మాత్రం వేరే కథ. పోలీసులు రంగంలోకి దిగాల్సి వచ్చింది. ఇల్లు, కుటుంబం, పిల్లల బడి – వీటి జోలికి పోతే చట్టమే కాదు, ఉద్యమం పరువూ పోతుంది.

పనిచేసే ఉత్తరంలో మూడు విషయాలుంటాయి. మీరు ఆయన నియోజకవర్గ ఓటరని తెలిసే చిరునామా, ఏ తేదీన ఏ ఓటు గురించి అడుగుతున్నారన్నది, ఔనా కాదా అని బహిరంగంగా చెప్పాలన్న కోరిక. నాలుగు వాక్యాలు చాలు. తిట్లుంటే గుమాస్తా దగ్గరే ఆగిపోతుంది. ఉత్తరాలు ఎవరికి రాయాలన్నది ఇంకా ముఖ్యం. కరడుగట్టిన విధేయుడికి రాసిన వెయ్యి ఉత్తరాలకన్నా, తక్కువ మెజారిటీతో గెలిచిన కొత్త ఎంపీకి రాసిన యాభై నయం. పాత కాపులకు ‘ఏడాది పోతే జనమే మరచిపోతారు’ అన్న ధీమా ఉంటుంది.

ప్రశ్న: ఆన్‌లైన్ పిటిషన్‌కు విలువుందా? – విశాఖపట్నం పాఠకుడు

కొరియాలో కొంత ఉంది. పార్లమెంటు సొంత పిటిషన్ వెబ్‌సైటులో ముందు 100 మంది మద్దతు కూడగడితే పిటిషన్ అందరికీ కనిపిస్తుంది. 30 రోజుల్లో 50,000 సంతకాలొస్తే సంబంధిత కమిటీకి వెళ్ళి తీరాలి. యూన్ అభిశంసన కోరుతూ 2024 జూన్‌లో, అంటే సైనిక పాలనకు అయిదు నెలల ముందు, పెట్టిన పిటిషన్‌కు 14 లక్షలకు పైగా సంతకాలొచ్చాయి. రద్దీకి వెబ్‌సైటే మొరాయించింది. న్యాయ వ్యవహారాల కమిటీ జులై 19న, 26న విచారణ జరిపింది. అక్కడితో ఆగింది. కమిటీ తలుపు దాకా తీసుకెళ్ళే బండి అది, 200 ఓట్లు తెచ్చేది కాదు. సంతకాలు దేశమంతటా చెల్లాచెదురుగా ఉంటే ఏ ఒక్క ఎంపీకీ చెమట పట్టదు.

ప్రశ్న: అంత పెద్ద ప్రదర్శనలు గొడవల్లేకుండా ఎలా నడిపారు? – విజయవాడ పాఠకుడు

అక్కడ సభకు పోలీసు అనుమతి అక్కర్లేదు, ముందస్తు సమాచారం ఇవ్వాలి: 720 గంటలకు ముందు కాదు, 48 గంటల కన్నా ఆలస్యంగానూ కాదు. 2016లో పోలీసులు ఊరేగింపు దారిని కుదించిన ప్రతిసారీ నిర్వాహకులు కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకున్నారు. వారం వారం అధ్యక్ష భవనానికి దగ్గరయ్యారు. నవంబర్ 26కి 200 మీటర్లు, డిసెంబర్ 3కి 100 మీటర్లు. అదీ సాయంత్రం అయిదున్నర వరకే. ముందటి సభలు ప్రశాంతంగా జరిగాయన్నది చూసే కోర్టు మరో అడుగు ముందుకు వెయ్యనిచ్చింది.

కొవ్వొత్తికి అడుగున కాగితం కప్పు తొడుగుతారు. గాలికి ఆరిపోకుండా, మైనం చేతి మీద పడకుండా. గాలి వీస్తే కొవ్వొత్తులు ఆరిపోతాయని ఒక అధికార పక్ష ఎంపీ ఎద్దేవా చేశాక ఎల్ఈడీ కొవ్వొత్తులు పెరిగాయి. 2024లో కుర్రకారు పాటల కచేరీలకు తెచ్చుకునే లైట్ స్టిక్కులు పట్టుకొచ్చారు. రాలేనివాళ్ళు పార్లమెంటు ఉన్న యోయిదోలోని కాఫీ షాపుల్లో ముందే డబ్బు కట్టేసి, వచ్చినవాళ్ళను ఉచితంగా తాగమన్నారు. ఇబ్బంది పెట్టేది రవాణా: జనం కిక్కిరిస్తే మెట్రో దగ్గరి స్టేషన్లలో ఆగకుండా వెళ్ళిపోతుంది, ఫోన్ సిగ్నల్ అందదు. కలుసుకునే చోటు, తిరుగు దారి ముందే కాగితం మీద రాసుకోవాలి.

ప్రశ్న: పార్లమెంటులో నెగ్గితే పని అయిపోయినట్టేనా? – కర్నూలు పాఠకురాలు

కాదు. తీర్మానం ప్రతి అందగానే అధ్యక్షుడి అధికారాలు ఆగిపోతాయి, ప్రధాని తాత్కాలికంగా బాధ్యత చూస్తారు. పదవి తీసేసేది రాజ్యాంగ న్యాయస్థానం. తొమ్మండుగురిలో ఆరుగురు ఒప్పుకోవాలి. 2024 డిసెంబర్‌లో అక్కడ ఉన్నదే ఆరుగురు! ఒక్కరు కాదన్నా యూన్ నిలబడేవారు. నెలాఖరులో ఇద్దరిని నియమించాక, 2025 ఏప్రిల్ 4న ఎనిమిది మందీ ఏకగ్రీవంగా తొలగించారు. పార్క్ విషయంలోనూ 2017 మార్చి 10న 8–0.

2004 మార్చిలో అప్పటి అధ్యక్షుడు రో మూ హ్యున్‌ను పార్లమెంటు 193–2తో అభిశంసించింది. అప్పుడు జనం కొవ్వొత్తులు పట్టింది అభిశంసనకు వ్యతిరేకంగా. ఏప్రిల్ ఎన్నికల్లో ఆయన్ను సమర్థించిన పార్టీ 152 సీట్లు గెలిచింది. తప్పు చేస్తే చాలదు, తొలగించేంత తీవ్రమైన తప్పై ఉండాలంటూ మే 14న న్యాయస్థానం కేసు కొట్టేసింది. అందుకే ఎంపీలకు రాసేటప్పుడు ‘అసమర్థుడు’ లాంటి మాటలు దండగ. ఏ చట్టం, ఏ రోజు, ఏ ఆదేశం అన్నది రాయాలి.

ప్రశ్న: ఇక్కడ హెచ్–1బి మీద ఉన్నాను. అధ్యక్షుణ్ణి అభిశంసించమని నేనూ అడగవచ్చా? – డల్లాస్ పాఠకుడు

అడగవచ్చు. విన్నవించుకునే హక్కు పౌరులకే పరిమితం కాదు. ఫోన్ చేస్తే కార్యాలయ సిబ్బంది జిప్ కోడ్ అడిగి అనుకూలం, వ్యతిరేకం లెక్కలో రాసుకుంటారు. పోస్టు కంటే ఫోను మేలు. 2001 ఆంత్రాక్స్ ఉత్తరాల తర్వాత కాంగ్రెస్‌కు వెళ్ళే టపా భద్రతా తనిఖీ దాటి ఆలస్యంగా చేరుతుంది. ఎన్నికల విరాళం మాత్రం ఇవ్వకూడదు, దానికి గ్రీన్ కార్డయినా ఉండాలి. అరెస్టు కోరుకునే తరహా ధర్నాలో కూర్చోవద్దు. కేసు కొట్టేసినా, తర్వాతి వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్నకు ఔననే రాయాలి.

అమెరికాలో లెక్క వేరు: ప్రతినిధుల సభలో మామూలు మెజారిటీ, సెనేట్‌లో హాజరైనవారిలో మూడింట రెండు వంతులు. అందరూ వస్తే 67. ఇంతవరకు ఏ అధ్యక్షుడూ సెనేట్‌లో దోషిగా తేలలేదు. ఏ ఒక్క సభ్యుడైనా తీర్మానాన్ని సభ ముందుకు బలవంతంగా తేగలరు, కానీ పక్కన పెట్టెయ్యడానికీ మామూలు మెజారిటీ చాలు. 2017 డిసెంబర్‌లో ట్రంప్ మీద తెచ్చిన తీర్మానాన్ని 364–58తో అలాగే పక్కన పెట్టారు. ఓపికకు ఒక పాత ఉదాహరణ ఉంది. జడ్జి జేమ్స్ పెక్ మీద ఒక లాయరు 1826లో ఇచ్చిన అర్జీ మూలన పడింది. మళ్ళీ పెట్టాక 1830లో సభ పెక్‌ను అభిశంసించింది. సెనేట్ వదిలేసింది లెండి.

ప్రశ్న: మన రాష్ట్రపతినో గవర్నర్నో ఇలా దించగలమా? – వరంగల్ పాఠకుడు

రాష్ట్రపతికి 61వ అధికరణం ఉంది. కారణం ఒక్కటే, రాజ్యాంగ ఉల్లంఘన. ఒక సభలో నాలుగో వంతు సభ్యుల సంతకాలు, 14 రోజుల నోటీసు, ఆపై మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతులు. లోక్‌సభలో పెడితే 136 సంతకాలు, 362 ఓట్లు. రెండో సభ విచారించి, అక్కడా మూడింట రెండు వంతులు నెగ్గాలి. రాష్ట్రపతిని ఎన్నుకునే ఎమ్మెల్యేలకు ఇందులో ఓటు లేదు. ఎన్నికలో ఓటు లేని నామినేటెడ్ ఎంపీలకు ఇక్కడ ఉంది! ఇంతవరకు ఎవరి మీదా వాడలేదు.

గవర్నర్‌కు అభిశంసనే లేదు, రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతకాలమే ఆ పదవి. అక్కడ ఒత్తిడి ఢిల్లీ మీద పెట్టాలి. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసినప్పుడు జరిగింది అదే. కొరియాలో ఎంపీల్ని హాలు బయట ఉంచితే, మనవాళ్ళు చెయ్యి జారిపోకుండా ఎమ్మెల్యేల్ని రాష్ట్రం దాటించి కర్ణాటకలో ఉంచారు. రాష్ట్రమంతా వీధుల్లోకి వచ్చింది. ఆగస్టు ముగిసేలోగా రాంలాల్ స్థానంలో శంకర్ దయాళ్ శర్మ వచ్చారు, సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్ళీ ప్రమాణం చేశారు.