తూటాలు నువ్వే నింపుతున్నావని విన్నాక

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇది తుపాకి మందు పోసి తూటాలు తనే నింపుకుంటుందట, వెయ్యి గజాలకు పరీక్షిస్తుందట, నువ్వైనా ఒక మాట చెప్పు" అంది. నేను వద్దని చెబుతానని దాని ఆశ. నాకు ముందు గర్వమే కలిగింది. పడుకున్నాక భయం పట్టుకుంది.

లైసెన్సు, రేంజ్ నియమాలు, కళ్లజోడు, చెవులకు మఫ్‌లు: ఇవి నీకు చెప్పక్కర్లేదు. మందు మోతాదు మాన్యువల్‌లో ఇచ్చిన కనీసం నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచు. ఇంకొకరి రైఫిల్‌కు సరిపోయిన మోతాదు నీ రైఫిల్‌కు సరిపోతుందని నమ్మకు. నింపేటప్పుడు బల్ల మీద ఒకే ఒక్క మందు డబ్బా ఉండాలి.

నా అసలు భయం వేరు. రేంజ్‌లో నా పక్క బల్ల దగ్గర ఒక స్నేహితుడు ఉండేవాడు, చెయ్యి తిరిగిన షూటర్. ఒకసారి ఎవరితోనో మాట్లాడుతూ తూటాలు నింపాడు. ఒక కేసులో, అంటే మందు పోసే ఇత్తడి గొట్టంలో, మందే పడలేదు. మర్నాడు ట్రిగ్గర్ నొక్కితే 'టప్' మని చిన్న చప్పుడు వచ్చింది, భుజానికి తాకిడే లేదు. కేసు అడుగున మందుకు నిప్పు అంటించే ప్రైమర్ ఒక్కటే పేలి, బుల్లెట్‌ను బారెల్‌లోకి నెట్టి అక్కడే వదిలేసింది. అతను తూటా పేలలేదనుకున్నాడు. రైఫిల్ వెనక భాగాన్ని మూసే బోల్ట్ లాగి కేసు పడేసి, ఇంకోటి ఎక్కించాడు. "ఆగు!" అని నేను అరిచేలోపే పేల్చేశాడు. వెనక వచ్చిన బుల్లెట్‌కు దారి లేదు. బారెల్ ఒకచోట ఉంగరం తొడిగినట్టు ఉబ్బింది, బోల్ట్ ఎంత లాగినా రాలేదు. అతని ముఖానికి ఏమీ కాలేదు. చేతులు మాత్రం చాలాసేపు వణికాయి. ఆ ఉబ్బు మీద వేలు పెట్టి తడిమాను నేను. అతని స్థానంలో నిన్ను ఊహించుకుంటే నిద్రెలా పడుతుంది తల్లీ?

కాబట్టి బుల్లెట్ అమర్చే ముందు కేసులన్నీ దీపం కింద వరసగా పెట్టి, ఒక్కో దాంట్లోకి తొంగి చూడు. మందు మట్టం అన్నిట్లో ఒకేలా ఉండాలి. మాటల్లో పడితే మళ్లీ మొదటి నుంచి చూడు. రేంజ్‌లో చప్పుడు తేడాగా వస్తే రైఫిల్ టార్గెట్ వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగు. ఆ తర్వాత తూటా తీసి, బోల్ట్ ఊడదీసి, వెనక నుంచి బారెల్‌లోకి చూడు. అవతల వెలుతురు కనపడకపోతే ఆ రోజుకు ఇక చాలు.

ఇక గురి సంగతి. వంద గజాల్లో మూడు రౌండ్లు ఒకే రంధ్రంలో పడగానే "దొరికింది" అని గంతులేస్తావు. నీ తొందర నాకు తెలియనిదా! మూడు రౌండ్లు అదృష్టం కొద్దీ కూడా అలా పడతాయి. ఒక మోతాదు మీద ఇరవై రౌండ్లైనా చూడకుండా తీర్పు చెప్పకు. ఒక మోతాదు మొత్తం పేల్చేసి తర్వాతదానికి పోకు. ఒక్కోదాంట్లోంచి ఒక్కో రౌండ్ తీసి, దేని టార్గెట్ మీద దాన్ని, వంతులవారీగా పేల్చు. బారెల్ వేడి, మారే గాలి, నీ అలసట అన్నిటికీ సమానంగా పడతాయి.

బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ తప్పకుండా కొనుక్కో. 308 కాలిబర్ రైఫిల్‌లో రౌండ్‌కూ రౌండ్‌కూ వేగం సెకనుకు 50 అడుగులు తేడా వచ్చినా 100 గజాల్లో నీకు తెలియదు. 1000 గజాలకు వెళ్లేసరికి అదే ఒక అడుగు పైగా కిందా మీదా అవుతుంది. రౌండ్లు అడ్డంగా చెదిరితే చాలావరకు గాలి పని. నిలువుగా చెదిరితే ముందు నీ తూటాలను అనుమానించు.

వేడెక్కిన ఛాంబర్‌లో, అంటే బారెల్ వెనక తూటా కూర్చునే చోట, తూటా పెట్టుకుని గాలి తగ్గేదాకా కూర్చోకు. మందు వేడెక్కితే పీడనం పెరుగుతుంది. బోల్ట్ ఎత్తడం బరువుగా అనిపించిందా, అక్కడితో ఆపి మిగతావి ఇంటికి తెచ్చి విప్పెయ్. ఇంత కష్టపడి నింపానే అని పేల్చేశావో, నా చేత తిట్లు తింటావు.

టార్గెట్ల ఫొటోలు నాకు పంపు. దూరంగా పోయిన రౌండును "చెయ్యి కదిలింది మామయ్యా" అని లెక్కలోంచి తీసెయ్యకు, అన్నీ ఉండాలి. అమ్మతో నేను మాట్లాడతాలే.

మామయ్య