ఇద్దరమ్మల గురించి రాసే ముందు

చెల్లె, హన్మకొండలో జంటగా బతికే ఇద్దరు అమ్మల దగ్గర పెరిగిన సంగతి సొంత పేరుతో రాస్తే వాళ్లకు ఇబ్బంది అవుతుందా అని అడిగావు.

ముందు రాసింది వాళ్లిద్దరికీ చదివి వినిపించు. బాల్యం నీదే, కానీ వాళ్ల బంధం బయటపెట్టాలా వద్దా అన్నది వాళ్లే తేల్చాలి. నేనూ కాజీపేటలో అట్లాగే పెరిగాను. మొదటిసారి పేరు మార్చి రాశాను గానీ వీధి, అమ్మ ఉద్యోగం అట్లనే ఉంచాను. ఇంటి ఓనర్ ఇట్టే గుర్తుపట్టాడు, రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చేశాం. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. కలం పేరొక్కటే చాలదు, ఆనవాళ్లన్నీ మార్చు.

చట్టం సంగతి రాస్తే సరిగ్గా రాయి. 2018లో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధం నేరం కాదంది. 2022లో దీపికా సింగ్ కేసులో ఇలాంటి బంధాలూ కుటుంబమే కావచ్చంది. 2023 అక్టోబరులో మాత్రం పెళ్లి హక్కు ఇవ్వలేదు.

స్కూల్ ఫారంలో 'తండ్రి పేరు' దగ్గర నీ పెన్ను ఆగిన రోజు రాయి. సద్దుల బతుకమ్మనాడు పద్మాక్షి గుండం దాకా ఇద్దరిలో ఎవరు బతుకమ్మ ఎత్తుకున్నారో, ఎవరు నీ చెయ్యి పట్టుకున్నారో అది కూడా రాయి.