వేపాకు రసంతో గొర్రెల నట్టలు పోతాయా?

నెలగా వేపాకు రసం తాగిస్తున్నా గొర్రెలకు దవడ కింద నీరు దిగుతోందన్నారు కదండీ. రక్తం పీల్చే నట్టలో (పొట్టలోని పురుగులు), కాలేయపు జలగలో అయ్యుంటాయి. ముందు కింది కనురెప్ప తిప్పి చూడండి. లోపల కాగితంలా తెల్లబడి ఉంటే ఇక ఆకుల మీద ఆధారపడొద్దు. బరువు తూచి, డాక్టరు చెప్పిన నట్టల మందు ఆ రోజే తాగించండి.

వేప ఉత్తదని కాదు. ల్యాబులో నట్టల గుడ్లను పొదగనివ్వని రసం కూడా గొర్రె పొట్టలో పలచబడిపోతుంది, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని విరిచేస్తాయి. పైగా ఒక్కో చెట్టు ఆకుది ఒక్కో ఘాటు, ఇక డోసు ఎలా కుదురుతుంది?

మిగతా మందకు రసం వాడతానంటే, పట్టే రోజున ఒకసారి, 14 రోజులకు మళ్లీ పెంటికలు పరీక్ష చేయించండి. వాటిలో నట్టల గుడ్ల లెక్క తగ్గకపోతే రసం ఆపేయండి.