ఈత రానివాళ్ళు క్లబ్ వాళ్ళతో కయాక్ ట్రిప్‌కి వెళ్ళొచ్చా? నా అనుభవం

బోస్టన్ దగ్గర వాల్తమ్‌కి కొత్తగా వచ్చానని, ఆఫీసులో ఒకాయన వాళ్ళ పాడ్లింగ్ క్లబ్ ఆదివారం చార్లెస్ నది మీద పెట్టిన కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) ట్రిప్‌కి రమ్మంటున్నారని, ఈత రాదు కాబట్టి టెన్షన్‌గా ఉందని రాశారు. వెళ్ళండి. నాకూ ఈత రాదు. గోదారి పక్కన పుట్టి ఈత రాదంటే అందరూ నవ్వుతారు గానీ, మా అమ్మ నన్ను రేవులో మోకాలు దాటి దిగనిస్తే కదా!

ముందు ఆ నది సంగతి చెప్తాను, సగం భయం అక్కడే పోతుంది. చార్లెస్‌ని గోదారిలా ఊహించుకోకండి. వాల్తమ్‌లో మూడీ స్ట్రీట్ దగ్గర ఆనకట్ట ఉంది, 1814లో కట్టిన బట్టల మిల్లుకి నీటిశక్తి దొరికింది అక్కడే. ఆ ఆనకట్ట వల్ల ఎగువన ఆబర్న్‌డేల్ వైపు నీళ్ళు చెరువులా పరుచుకుని ఉంటాయి, అందుకే ఆ భాగాన్ని లేక్స్ డిస్ట్రిక్ట్ అంటారు. ప్రవాహం ఉందా లేదా అన్నట్టే ఉంటుంది. అసలు ఈ నదికే తొందర లేదు. హాప్కింటన్‌లో పుడుతుంది, బోస్టన్ మారథాన్ పరుగు వాళ్ళు అదే ఊళ్ళో బయల్దేరి 26.2 మైళ్ళలో బోస్టన్ చేరితే ఇది వంకర్లు తిరుగుతూ 80 మైళ్ళు పోయి గానీ చేరదు.

తిరగబడితే లోపల ఇరుక్కుపోతామేమో అని నేనూ రాత్రంతా ఆలోచించాను. కొత్తవాళ్ళకి ఇచ్చేవి వెడల్పు కయాక్‌లు, కూర్చునే చోటు విశాలంగా ఉంటుంది, తిరగబడితే మనం కిందకి జారి బయటపడతాం, లైఫ్ జాకెట్ పైకి తేలుస్తుంది. నడుముకి బిగించి కూర్చునే చోటుని మూసేసే తొడుగు (స్ప్రే స్కర్ట్) ఎవరైనా ఇస్తే మాత్రం వద్దనండి, అది నేర్చుకున్నాక వాడేది. జాకెట్ బిగించాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి, గడ్డం దాకా వచ్చేస్తే అది వదులు. మసాచుసెట్స్‌లో సెప్టెంబర్ 15 నుంచి మే 15 దాకా కయాక్‌లో ఉన్నవాళ్ళు జాకెట్ వేసుకునే ఉండాలని చట్టం. మిగతా నెలల్లో పెద్దవాళ్ళకి పడవలో ఉంచుకుంటే చాలు, మీరు మాత్రం జూలైలో కూడా విప్పొద్దు. ఇంకోటి, మేలో ఎండ చూసి మోసపోకండి, గాలి వెచ్చగా ఉన్నా నీళ్ళు గడ్డకట్టించేలా ఉంటాయి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు.

క్లబ్ వాళ్ళు "తీరుబడి ట్రిప్" అన్నారంటే నిజంగా తీరుబడే. నేను వెళ్ళినప్పుడు పన్నెండు మందిమి, సగం మంది రిటైరైనవాళ్ళు. ముందు ఒకరు, అందరికంటే చివర ఒకరు అనుభవమున్నవాళ్ళు ఉంటారు, చివరి ఆయన్ని దాటి ఎవరూ వెనకపడరు. గంటకి రెండు మూడు మైళ్ళు, కొంగ కనిపిస్తే ఆగడం, దుంగ మీద తాబేళ్ళని లెక్కపెట్టడం, ఇదే పని. 95 హైవే వంతెన కింద నుంచి పోతుంటే పైన లారీల మోత, కింద మన తెడ్డు చప్పుడు, రోజూ ఆ రోడ్డు మీద ఆఫీసుకెళ్ళే నాకు అదో వింత.

నా తప్పేంటంటే కుర్రాణ్ణి కదా అని మొదటి అరగంట ముందున్నవాళ్ళతో పోటీ పడ్డాను, అదీ చేతులతో లాగుతూ. వచ్చేటప్పుడు ఎదురుగాలి. ఆ నదిలో మనకి పోటీ గాలే, ప్రవాహం కాదు. తెరిపిగా ఉన్నచోట ఎంత తోసినా ఒడ్డున ఉన్న అదే చెట్టు కనిపిస్తోంది, భుజాలు పడిపోయాయి. డెబ్బై ఏళ్ళ పైబడిన ఒకావిడ పక్కకి వచ్చి, మధ్యలో ఎందుకు, గట్టు పక్కనే రా, గాలి తగలదు అంది, తెడ్డుని వదులుగా పట్టుకుని నడుం తిప్పమంది. పది నిమిషాల్లో బతికాను. ఆవిడ ఆ మాట బయల్దేరేటప్పుడే చెప్పింది, నేనే వినలేదు లెండి. మీరు మాత్రం ఈత రాదని, మొదటిసారని ఆ ముందుండే మనిషికి రేవులోనే చెప్పేయండి. సిగ్గుపడాల్సింది ఏం లేదు, తెలిస్తే వాళ్ళు మీ పక్కనే ఒకరిని పెడతారు.

ఇంతా చేసి నేను నీళ్ళలో పడింది నది మధ్యలో కాదు, ఒడ్డున! దిగే తొందరలో లేచి నిలబడి ఒక కాలు గట్టు మీద పెట్టాను, రెండో కాలితో పాటు కయాక్ వెనక్కి జారిపోయింది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దంటారు గానీ నాకు ఒకటే సరిపోయింది. లోతు మోకాలి దాకానే. ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా పడవని గట్టుకి ఆనించి, ఎవరినైనా పట్టుకోమని, పిరుదుల మీద కూర్చుని జరగండి, నిలబడకండి. ఫోన్ నీళ్ళు పోని సంచిలో పెట్టి పడవకి కట్టేయండి. తినడానికి పులిహోర పట్టుకెళ్తే మంచిది, మధ్యలో ఆగినప్పుడు నా డబ్బా రెండు నిమిషాల్లో ఖాళీ అయింది. చెప్పులు మాత్రం వెనక పట్టీ ఉన్నవే వేసుకోండి, నాది ఒకటి ఇంకా ఆ బురదలోనే ఉంది.